ఆడుకోవడం, ఆడిపెట్టడం

కథలో, నవలలో, సినిమాలో స్త్రీ పాత్రను ఎలా చదవాలో గత నలభై ఏళ్లలో మనం నేర్చుకున్నాం. ఆమెను ఎవరి చూపులోంచి చూపిస్తున్నారు, ఆమె మౌనానికి అర్థమేమిటి, ముగింపులో ఆమెను ఎక్కడికి చేర్చారు అని అడగడం మనకిప్పుడు అలవాటే. కానీ మన ఇళ్లలో పిల్లలూ పెద్దలూ గంటల తరబడి మునిగిపోయే ఒక కథారూపాన్ని మాత్రం విమర్శ గడప దాటి లోపలికి రానివ్వలేదు. అది వీడియో గేమ్. దాని గురించి మన పత్రికల్లో ఎప్పుడైనా ఏదైనా వస్తే అది పిల్లల కళ్లు పాడవడం గురించో, చదువు పాడవడం గురించో అయి ఉంటుంది. ఆ ఆందోళనలు అబద్ధమని నేననను. కానీ ఒక ఆట లోకాన్ని ఎలా చూస్తోంది, అందులో ఆడమనిషికి ఏ చోటు ఇచ్చింది అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆటలు ఆడుతున్నదాన్ని. గద్వాలలో పుట్టి, వనపర్తిలో చదివి, సాహిత్యంలో పరిశోధన చేసి, ఈ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెబుతున్నదాన్ని. నచ్చిన ఆటలూ, నచ్చనివీ, నచ్చుతూనే కోపం తెప్పించినవీ ఉన్నాయి. వాటి మీద నా అభిప్రాయాలు ఇక్కడ రాస్తున్నాను. ఇవి ఒక ఆటగత్తె అభిప్రాయాలు మాత్రమే. అయితే 'ఆటగత్తె' అన్న మాట మన వాడుకలో ఎంత తక్కువగా వినిపిస్తుందో కూడా ఒకసారి గమనించమని కోరుతున్నాను.

ఆటల గురించి గంభీరంగా రాయడం మా ప్రాంతానికి కొత్త కాదు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రచురించారు. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ తొలి పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం తిండి, బట్ట, నమ్మకాలతో పాటు వాళ్ల ఆటలను కూడా ఆయన కావ్యాల్లోంచి ఏరి తీశారు. ఒక కాలపు మనుషులు ఏం ఆడుకున్నారో తెలియకపోతే ఆ మనుషులు తెలియరని ఆయన గ్రహించారు. మన కాలపు ఆటలను మనమే చదవకపోతే, రేపు ఎవరో వచ్చి మనల్ని సగమే చదువుతారు.

నవలలో రచయిత్రి ఒక స్త్రీని మన ముందు నిలబెడుతుంది. మనం ఆమెను చూస్తాం, ఆమె వెంట నడుస్తాం. ఆటలో అలా కాదు. మన చేతిలో నాలుగైదు మీటలుంటాయి. ఒకటి నొక్కితే దూకుతుంది, ఇంకోటి నొక్కితే కాలుస్తుంది, మరోటి నొక్కితే తలుపు తీస్తుంది. ఆటలో పాత్ర అంటే ముందుగా ఆ మీటలే. ఆమె ఎలా కనిపిస్తోంది అన్నది రెండో ప్రశ్న. ఆమెకు ఏ క్రియలు ఇచ్చారు, ఏవి ఇవ్వలేదు అన్నది మొదటి ప్రశ్న.

మా తరంలో చాలామందికి తొలి ఆట 'సూపర్ మారియో బ్రదర్స్'. జపాన్‌లో నింటెండో సంస్థ 1985లో తెచ్చిన ఈ ఆట మా ఊళ్లకు చాలా ఆలస్యంగా, టీవీకి తగిలించుకునే చవకరకం డబ్బాల్లో, తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలున్నాయని చెప్పే పసుపు క్యాసెట్లలో వచ్చింది. మారియోకు పరుగెత్తడం ఉంది, దూకడం ఉంది, నిప్పు విసరడం ఉంది. రాకుమారికి ఏముంది? ఎదురుచూడటం ఉంది. ప్రతి కోట చివరా రాకుమారి ఇక్కడ లేదు, ఇంకో కోటలో ఉందని చెబుతారు. ఆమె ఒక పాత్ర కాదు, ఒక దూరం. ఎంత ముందుకు పోతే అంత వెనక్కి జరిగే గమ్యం. చిన్నప్పుడు మా చిన్నమ్మ కూతుళ్లం ఆడేటప్పుడు మేం మారియోనే అయ్యేవాళ్లం. రాకుమారి కావాలని ఎవరమూ అడగలేదు, ఎందుకంటే ఆమె అయితే ఆట ఆడటానికేం లేదు. ఆడపిల్ల ఆడాలంటే మగవాడు కాక తప్పదన్న పాఠాన్ని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం.

తర్వాత ఇదే రాకుమారి నాయికగా 'సూపర్ ప్రిన్సెస్ పీచ్' అనే ఆట వచ్చింది. 2005లో జపాన్‌లో, ఆ మరుసటేడు మిగతా దేశాల్లో విడుదలైంది. ఈసారి బందీ మారియో, విడిపించేది ఆమె. సంతోషించేలోపు ఆమెకిచ్చిన శక్తులు చూడండి: ఆనందం, ఆగ్రహం, దుఃఖం, శాంతం. ఏడిస్తే కన్నీళ్లు వరదలై పారతాయి, కోపమొస్తే ఒళ్లంతా మంటలు లేస్తాయి. ఇన్నేళ్లకు ఆమెకు మీటలు దొరికాయి గాని, ఆ మీటల మీద రాసిపెట్టింది మాత్రం ఆడవాళ్ల గురించి ఎప్పటినుంచో అంటున్న మాటే. ఆట సరదాగానే ఉంటుంది, నేను చివరిదాకా ఆడాను. ఏడుపును ఆయుధంగా చూపడంలో ఒక వెక్కిరింపు ఉందా, ఒక తెలివి ఉందా అన్నది ఇప్పటికీ నాకు తేలని సంగతి.

ఇలాంటి ప్రశ్నలు అడగడం తేలిక కాదని కూడా చెప్పుకోవాలి. అనిత సర్కీసియన్ అనే విమర్శకురాలు 2013 నుంచి ఆటల్లోని స్త్రీల మూసపాత్రల మీద వీడియో వ్యాసాలు చేసింది. వాటికి నిధులు అడిగిన 2012లోనే ఆమె మీద బూతులు, బెదిరింపులు మొదలయ్యాయి. 2014లో గేమర్‌గేట్ పేరుతో ఆటల రంగంలోని ఎందరో స్త్రీల మీద అది సామూహిక దాడిగా మారింది. ఆమె అడిగినవి మనం సాహిత్యంలో అడుగుతూ వచ్చిన ప్రశ్నలే.

ఆ మూసపాత్రల నుంచి బయటపడిందని పేరు తెచ్చుకున్న నాయిక లారా క్రాఫ్ట్. బ్రిటన్‌లో కోర్ డిజైన్ సంస్థ 1996లో తెచ్చిన 'టోంబ్ రైడర్'లో ఆమె పరుగెత్తుతుంది, ఎక్కుతుంది, ఈదుతుంది, కాలుస్తుంది. ఒంటరిగా తిరుగుతుంది, ఎవరికీ సంజాయిషీ చెప్పదు. ఆమె శరీరాన్ని మగచూపు కోసం చెక్కారన్నది నిజం. అయినా హైదరాబాద్ హాస్టల్ గదిలో స్నేహితురాలి కంప్యూటర్ మీద ఆమెను నడిపించినప్పుడు, రాత్రి ఎనిమిది తర్వాత గేటు దాటలేని మాకు ఆ ఒంటరి నడకే ముఖ్యంగా కనిపించింది. 2013లో ఇదే ఆటను కొత్తగా మొదలుపెట్టినప్పుడు ప్రధాన రచయిత్రి రియానా ప్రాచెట్. లారా దుస్తులు మారాయి, ఆమెకు భయం వచ్చింది, స్నేహం వచ్చింది. దానితో పాటు ఆమె చావును అన్ని కోణాల్లోంచి వివరంగా చూపించడం కూడా వచ్చింది. ఆడేవాళ్లకు ఆమెను కాపాడాలనిపిస్తుందని నిర్మాతల్లో ఒకరు 2012లో అన్న మాట మీద పెద్ద చర్చే జరిగింది. శరీరాన్ని మర్యాదగా చూపడం నేర్చుకున్న ఆటకు ఆమె నొప్పిని మర్యాదగా చూపడం చేతకాలేదు. నాకు పాత లారాయే ఇష్టం.

కానీ పాత లారా దగ్గర కూడా నాకు పెద్ద పేచీ ఒకటుంది. 1998 నాటి మూడో భాగం ఇండియా అడవిలో మొదలవుతుంది. ఆమె పులుల్ని కాలుస్తుంది, కోతుల్ని కాలుస్తుంది, గుడిలో ఆరు చేతుల విగ్రహాలు ప్రాణం పోసుకుని కత్తులతో మీదికొస్తే వాటినీ పడగొడుతుంది. అడవి ఆమెకు ఒక లెవెల్. దాటాల్సిన గుంటలు, ఎక్కాల్సిన రాళ్లు, తీసుకుపోవాల్సిన వస్తువు. ఆ అడవి తనదని చెప్పే ఆడమనిషి ఒక్కరూ అందులో కనిపించరు. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నవాళ్లకు అడవి అంటే నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అప్పాపూర్ లాంటి చెంచుపెంటలున్నాయి. అక్కడి ఆడవాళ్లకు జిగురు ఏ చెట్టున ఎప్పుడు కారుతుందో, ఇప్పపూలు ఏ తెల్లవారుజామున రాలతాయో తెలుసు. యురేనియం తవ్వకాల ప్రయత్నాలు మొదలైనప్పుడు అడవి మాది అని చెంచులు గట్టిగా చెప్పారు. చుట్టుపక్కల ఊళ్లూ లేచాయి. 2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడవిని మనుషుల్లేని చోటుగా చూసే చూపు ఆటలో ఉన్నా, తవ్వకాల పటంలో ఉన్నా ఒకటే. ఆ చూపు ఒక ధీర వనిత కళ్లల్లోంచి వచ్చినంత మాత్రాన అది మనది అయిపోదు. దళిత, ఆదివాసీ రచయిత్రులు మన స్త్రీవాదాన్ని నిలదీసి అడిగిన ప్రశ్న ఇదే కదా.

పరాక్రమం లేని ఆట ఒకటి చూద్దాం. విల్ రైట్ రూపొందించిన 'ది సిమ్స్' 2000లో వచ్చింది. ఇది మన బొమ్మరిల్లే. మనుషుల్ని తయారుచేసి, ఇల్లు కట్టి, వాళ్ల దినచర్య నడపడమే ఆట. ఆడపిల్లల ఆట అని మగపిల్లలు దీన్ని ఈసడించారు. నాకు మాత్రం ఇది గొప్ప ఆట. ఇందులో ప్రతి మనిషికీ ఎనిమిది అవసరాలుంటాయి. ఆకలి, నిద్ర, శుభ్రత వంటివాటి పక్కనే 'సరదా' కూడా ఒక గీతగా ఉంటుంది. ఈ గీతలు ఎర్రబడితే మనిషి కుంగిపోతుంది, చెప్పిన పని చేయనని మొరాయిస్తుంది. సరదా అన్నది కోరిక కాదు, ఆకలిలాంటి అవసరం అని ఇంత సూటిగా చెప్పిన కళారూపం నాకింకోటి తెలియదు. మా అవ్వకు గాని, అమ్మకు గాని ఆ గీత ఉందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

అయితే 'సిమ్స్'లో ఇంకో సంగతి ఉంది. డబ్బుంటే పనిమనిషిని పెట్టుకోవచ్చు. ఆమె వచ్చి గిన్నెలు తోమి, చెత్త తీసి, కూలి తీసుకుని వెళ్లిపోతుంది. ఆమె ఆకలి గీతను, సరదా గీతను ఆట మనకు చూపించదు. ఇంటివాళ్లకే అవసరాలు, ఆమెకు పని మాత్రమే. ఆ ఆటను తయారుచేసినవాళ్లకు మన కుల వ్యవస్థ గురించి ఎంత తెలుసో గాని, మన ఇళ్లకు అద్దం పట్టినట్టు చేశారు.

ఇక ఆటలే కాదని తీసిపారేసే ఆటల సంగతి. 2012లో వచ్చిన 'క్యాండీ క్రష్', 2016లో ముంబైవాళ్లు తెచ్చిన 'లూడో కింగ్' మన ఇళ్లలో ఆడవాళ్ల ఫోన్లలో ఎక్కువగా కనిపించేవి. అష్టాచెమ్మ, పచ్చీసు అరుగుల మీద ఆడినవాళ్ల మనవరాళ్లే వీళ్లు. ఆ పచ్చీసే పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో లూడోగా మారి తిరిగి మన దగ్గరికొచ్చింది. 'అసలైన' ఆటగాళ్లు వీటిని కాలక్షేపం అంటారు. ఈ మాట మనకు కొత్తదేం కాదు. 1960లు, 70లలో వారపత్రికల్లో సీరియల్స్ రాసిన రచయిత్రుల నవలలను సరిగ్గా ఇదే మాటతో, వంటింటి సాహిత్యమన్న వెటకారంతో పక్కనపెట్టారు. లక్షలమంది ఆడవాళ్లు అందులో ఏం వెతుక్కున్నారన్నది తర్వాత గాని ఎవరికీ పట్టలేదు. 'క్యాండీ క్రష్' నాకు గొప్పగా నచ్చదు. ఐదు లైఫ్‌లు అయిపోతే ఒక్కోదానికి అరగంట ఆగాలి, లేదంటే డబ్బు కట్టాలి. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు దొరికే ఆ ముక్కల తీరికను కొలిచి, దాన్ని అమ్మకానికి పెట్టిన ఆట అది. కానీ తప్పు పట్టాల్సింది ఆ లెక్కను గాని, ఆ ముక్కల తీరికలో ఆడుకుంటున్న మనిషిని కాదు.

డబ్బు పందేల ఆటల్ని ఈ చర్చలో కలపకూడదు. మన ఊళ్లలో 'ఆన్‌లైన్ గేమ్' అనగానే ఆడవాళ్లు బెదిరిపోవడానికి కారణం రమ్మీ, బెట్టింగులు. మగవాళ్లు పోగొట్టిన డబ్బుకు పుస్తెలతాళ్లు కుదువబెట్టినవాళ్ల భయం అది. తెలంగాణ 2017లో వాటిని నిషేధించింది. కేంద్ర చట్టం 2025 ఆగస్టులో వచ్చింది. ఆ చట్టం కూడా పందెం ఆటను, మామూలు ఆటను వేరుచేసింది. మనమూ వేరుచేయాలి. లేకపోతే ఆ భయాన్నే చూపించి ఆడపిల్ల చేతిలో ఫోను లాక్కోవడం చాలా సులువు.

ఆ ఫోను సంగతే ఇప్పుడు చెప్పాలి. 2020లో పాఠాలు ఫోనులోకి, టీవీలోకి మారినప్పుడు చాలా ఇళ్లలో ఒకటే ఫోను. అది క్లాసు కోసం కొన్నదైనా సాయంత్రానికి అన్న చేతికో తమ్ముడి చేతికో పోయేది. 'పబ్జీ'ని 2020 సెప్టెంబర్‌లో, 'ఫ్రీ ఫైర్'ను 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది. ఈ మధ్య కాలంలో నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో ఒక అమ్మాయి 'ఫ్రీ ఫైర్' చాలా బాగా ఆడేది. ఆడేది మాత్రం అన్న ఐడీతో, అన్న పేరుతో, మైకు ఆపేసి. అన్న నిద్రపోయాక ఆమె ఆడి ర్యాంకు పెంచితే, పొద్దున అతను దోస్తులకు చూపించుకునేవాడు. నీ పేరుతో ఎందుకు ఆడవు అని అడిగాను.

"ర్యాంకు మా అన్నదే మేడం. నేను ఊకె ఆడిపెడ్త" అంది.

ఆమె నవ్వుతూనే అంది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. తెలుగులో క్రియకు 'కొను' చేరితే ఆ పని తనకోసం. వండుకోవడం, రాసుకోవడం, ఆడుకోవడం. 'పెట్టు' చేరితే ఆ పని ఇంకొకరికోసం. వండిపెట్టడం, కుట్టిపెట్టడం, చేసిపెట్టడం. ఆడవాళ్ల జీవితమంతా ఈ రెండో వరుసలోనే గడుస్తుందని మనకు తెలుసు. ఆట కూడా ఆ వరుసలోకి చేరుతుందని నేను ఊహించలేదు. ఆట అంటేనే తనకోసం చేసేది. అది కూడా ఆడిపెట్టడం అయిపోతే ఇక మిగిలేదేముంది?

గద్వాలలో పెరిగినదానికి ఇది తెలియని కథ కాదు. నూలు ఒళ్లు, పట్టు అంచు కలిపి నేసే గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీర వెనక కండెలు చుట్టే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కండెలు చుట్టిన మనిషికి అలాంటి పేరేదీ లేదు. ఆమె చుట్టిపెడుతుంది. ర్యాంకు వేరేవాళ్లది.

ఈ రెండు క్రియల్ని చేతిలో పట్టుకుని చూస్తే, స్త్రీల కథలుగా మెచ్చుకున్న ఆటలు కూడా వేరుగా కనిపిస్తాయి. పుణెలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ తయారుచేసిన 'రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్' 2020లో వచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ పోయే సర్కస్ పిల్ల కథ. దుర్గ, విష్ణువు ఆమె కథ చెబుతుంటారు, ఆమెకు ఆయుధాలు దేవతల నుంచి వస్తాయి. గోడల మీద పరుగెత్తి, స్తంభాల చుట్టూ తిరిగి ఆమె పోరాడే తీరు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. 2009లో హైదరాబాద్‌లో ఆరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం చేసిన ఆట పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. అక్కడి నుంచి ఒక ఆడపిల్ల యోధురాలిదాకా రావడం చిన్న విషయం కాదు. అయినా రాజీకి తమ్ముడు తప్ప తనకంటూ ఒక కోరిక లేదు. ఆమె పోరాడుకోదు, పోరాడిపెడుతుంది. మారియోకు లోకాలు తిరగడమే సరదా. రాజీ అడుగడుగునా బాధ్యతే.

'వెన్బా' దీనికంటే లోతైన ఆట. టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో తెచ్చింది. 1980లలో కెనడాకు వలసపోయిన ఒక తమిళ తల్లి కథ. ఆమె తల్లి ఇచ్చిన వంట పుస్తకంలో పేజీలు చిరిగాయి, అక్షరాలు చెరిగాయి. ఇడ్లీ పళ్లేలు ఎలా పేర్చితే ఆవిరి అన్నిటికీ అందుతుంది, ఏది ముందు వేయాలి, ఏది తర్వాత అని మనమే ఆలోచించి పూరించాలి. వంటను ఒక విద్యగా, తర్కంగా, ఆడవాళ్లు ఒకరికొకరు రాసిచ్చిన గ్రంథంగా చూపిన ఆట ఇది. మన చిరిగిన రాతప్రతుల్ని పట్టుకుని స్త్రీల సాహిత్య చరిత్ర తవ్వుకున్నవాళ్లకు ఈ ఆట వెంటనే అర్థమవుతుంది. అమెరికాలోని తెలుగిళ్ల తల్లులకూ ఇది సొంత కథలాగే ఉంటుంది. నాకు కన్నీళ్లు తెప్పించిన ఒకే ఒక్క ఆట ఇది. కానీ ఆడుతున్నంతసేపూ నేను వెతికింది ఒకటే: వెన్బా తనకోసం ఏం వండుకుంది? మొగుడికి వండిపెట్టింది, తమిళం మరిచిపోతున్న కొడుకుకి వండిపెట్టింది. తర్వాత కొడుకే తల్లి వంటను నేర్చుకునే ఘట్టం వస్తుంది. అతను మారడం మంచిదే. అయితే ఆమె మాత్రం అతని జ్ఞాపకాల రుచిగా మిగిలిపోయే ప్రమాదం అక్కడే ఉంది. దుఃఖాన్ని ఇంత బాగా చెప్పిన ఆట ఆమె సరదా గీతను కూడా చూపించి ఉంటే అనిపించింది.

నాకు ఎలాంటి ఆట కావాలని స్నేహితులు అడుగుతుంటారు. ధీర వనిత తప్పనిసరి కాదు. తెలంగాణలో మనం బతుకమ్మ ఆడతాం. అందులో గెలుపు లేదు, ర్యాంకు లేదు, ఒకరికోసం ఒకరు ఆడిపెట్టడం లేదు. చప్పట్లు కలిసినంతసేపూ ఆటే. అలాంటి వలయంలోంచి ఒక వీడియో గేమ్ పుడితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఓడిపోయి, నవ్వుకుని, మళ్లీ మొదలుపెట్టే వీలు ప్రతి ఆటా ఇస్తుంది. పరీక్షలో ఒకసారి తప్పితే పెళ్లి చేసేసే మన ఊళ్లలో ఆడపిల్లలకు ఆ 'మళ్లీ' ఎక్కడా దొరకదు. ఆటల్లో నాకు అన్నిటికంటే విలువైనది అదే.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది అధ్యాపకురాళ్లు, రచయిత్రులు. మీ క్లాసులో ఆడపిల్లల్ని ఒకసారి అడగండి: ఏ ఆట ఆడతావు? ఎప్పుడు ఆడతావు? ఎవరి పేరుతో ఆడతావు? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులోంచి ఒక వ్యాసం రాయవచ్చు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు దగ్గర మాత్రం మనం కాసేపు ఆగాలి.